మీ తాత కాళ్ల కింది పెట్టెలు

ఆ ఫోను దానంతటదే రాసేసుకుంటుందా, లేక నువ్వు మళ్లీ దిద్దుకోవాలా? సరే, ఏదైతే అదవుతుంది. నేను చెబుతూ పోతాను, నీకు అక్కర్లేనిది తీసేసుకో. కాకపోతే గొణక్కుండా అడుగు రూతూ, ఈ ఫ్యాను చప్పుడులో నీ మాట సగం గాలికి పోతోంది. మీ అమ్మా అంతే, మొన్నటినుంచి నాతో గుసగుసలాడినట్టే మాట్లాడుతోంది. ఇంట్లో అందరికీ ఒకేసారి గొంతులు తగ్గాయేమో అనుకుంటున్నాను.

ఆదివారం గుడి నుంచి వచ్చాక నువ్వు అటక ఎక్కి ఆ చెక్క పలక దించావు చూడు, దాని గురించే కదా అడుగుతున్నావు. నా పాత నైలాన్ చీరలో చుట్టి, పైన మీ తాత లుంగీ ఒకటి కప్పి, తాడుతో కట్టి పెట్టింది. ముడి విప్పగానే నాకు ముందు వాసన తగిలింది. తుప్పు పట్టిన ఇనుము, ఎండిపోయిన బ్యాటరీ చెమ్మ, వాటి వెనక సన్నగా పట్టుపురుగు గూళ్ల మురుగు వాసన. హిందూపురంలో కాపురం చేసినవాళ్ల బట్టల్లోంచి ఆ వాసన ఒక పట్టాన పోదు, పట్టుగూళ్ల మార్కెట్టుకి మైలు దూరంలో ఉన్నా సరే. నువ్వు ముక్కు మూసుకున్నావు. నేను ఇంకోసారి పీల్చుకున్నాను. పలక మీద నాలుగు పెట్టెలూ మేకులతో బిగించినట్టే ఉన్నాయి, వాటి మధ్య చిన్న చిన్న వైర్లు కూడా ఎక్కడివక్కడే. నువ్వు వంగి చూసి, "అవ్వా, తాత ఈ వరస తప్పు పెట్టినాడు, ఇట్ల ఎవురూ పెట్టరు" అన్నావు. తప్పు అనాలంటే ముందు నీకు మొదటి వరస ఏమిటో తెలియాలి. అదే చెబుతాను.

మా పుట్టిల్లు ధర్మవరం. మా నాయన రైల్వేలో పట్టాల పని చేసేవాడు, మేముండే వీధిలో మాది తప్ప అన్నీ మగ్గాల ఇళ్లే. తెల్లవారకముందే మగ్గాలు మొదలయ్యేవి. గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చుంటారు, ఒక కాలు తొక్కగానే దారాలు విచ్చుకుంటాయి, దారం చుట్టిన నాడె అటు పోతుంది, మళ్లీ రెండో కాలు. టక్కు, టక్కు. ఆ చప్పుడుకి ఒక మర్యాద ఉంది. దాని మధ్యలో మనిషి మాట్లాడొచ్చు, పాడొచ్చు, పక్కింటివాళ్లను తిట్టొచ్చు, అన్నీ వినపడతాయి. పక్కింటి రామలక్షుమక్క నన్ను అరుగు మీద కూర్చోబెట్టుకుని దారం కండెలకి చుట్టడం నేర్పింది. పట్టు ఎట్లా తయారవుతుందో నేను ఆమె పెరట్లోనే చూశాను. ముందు సోడా, సబ్బు వేసిన నీళ్లలో ఉడకబెట్టి జిగురు తీస్తారు. పెరడంతా కోడిగుడ్డు కుళ్లినట్టు వాసన. జిగురు పోయాకే రంగు. జిగురుండగానే రంగులో ముంచితే పైపైన అంటి, రేపు నీళ్లు తగలగానే మచ్చలు మచ్చలు. "పట్టుకి వరస తప్పితే పనికిరాదు పాపా" అనేది ఆమె. నా పెళ్లికి ఆమె చీర పెట్టలేకపోయింది, వాళ్లదగ్గర వాళ్లకే కట్టుకోడానికి ఉండేది కాదు. విరిచేసిన మగ్గంలోంచి నేతగాడు కూర్చునే పలక ఒకటి ఇచ్చింది, టేకుది. పీటగా వాడుకోమని. ఎన్నేళ్లు కూర్చుని నేశారో, దాని నడుమ అరిగి నున్నగా పళ్లెంలా దిగిపోయి ఉండేది. ఆ పలకే ఇది.

పెళ్లయి హిందూపురం వచ్చేసరికి మీ తాత సామేలుకి ఒక ఎర్ర గిటారు ఉంది, కరెంటుది. పెళ్లికి ముందు బెంగుళూరు వైపు ఆర్కెస్ట్రాలో వాయించేవాడు, పెళ్లిళ్లకీ జాతర్లకీ. బాప్తిస్మం తీసుకున్నాక అది మానేసి గుడిలోనే వాయిస్తానని మాట ఇచ్చాడు. గిటారుతో పాటు ఆర్కెస్ట్రా వాళ్ల దగ్గర తెచ్చుకున్న చిన్న స్పీకరు ఒకటి, నాలుగు ఇనప పెట్టెలు గోనెసంచిలో పడి ఉండేవి. పెట్టె ఒక్కోటి అరచెయ్యంత, పైన కాలితో తొక్కితే పని చేస్తాయి, ఇంకోసారి తొక్కితే ఆగుతాయి. ఆరంజి రంగుది గిటారు గొంతుని గరుకు చేస్తుంది. నీలిది ఒక తీగని పదిమంది కలిసి మీటినట్టు అలలు అలలుగా చేస్తుంది. తెల్లది మారు పలుకుతుంది, పెనుకొండ కొండ కింద నిలబడి కేకేస్తే తిరిగొచ్చినట్టు. నాలుగోదానికి మీటలుంటాయి, లావు గొంతు, సన్న గొంతు ఏది ఎంత కావాలో పైకీ కిందికీ జరుపుకోవడానికి. నా పీటను చూసి మీ తాత కళ్లు పెద్దవయ్యాయి. వారం తిరక్కముందే దానిమీద పెట్టెలన్నీ మేకులు కొట్టి బిగించేశాడు. నేను మళ్లీ నేల మీద కూర్చున్నాను.

మా అత్త అప్పుడు బతికే ఉంది. పొద్దున్నే రాగి సంగటి గెలుకుతూ కీర్తన ఎత్తుకునేది, కట్టెను కుండకి కొట్టి తాళం. చెనిక్కాయలు వేయించిన వాసన, ఆమె నోట్లో పొగాకు వాసన, రెండూ కలిసి ఇల్లంతా ఉండేవి. శనివారం సాయంకాలం మీ తాత పంచలో పలక పెట్టుకుని, మర్నాటి కీర్తనలు సాధన చేసేవాడు. పొయ్యి దగ్గర నేను, గడప మీద ఆమె. ఒకరోజు నేనే అడిగాను, ఈ పెట్టెలు ఎట్లా పెట్టినా కరెంటు పోయేది ఒక వైరులోనే కదా, ముందేది వెనకేదైతే ఏం అని.

"ఇట్ల రా, ఇను" అన్నాడు. ఆ పూటకి వైర్లు మాత్రం పీకి, తెల్లది ముందు ఆరంజిది వెనక అయ్యేట్టు తగిలించి ఒక తీగ మీటాడు. బురదలో బండి దిగబడినట్టు ఉంది. మళ్లీ మార్చి మీటాడు. తీగ గరగరమని పలికి, ఆ తర్వాత దాని మారు దూరంగా, ఇంకా దూరంగా, పోతూ పోతూ సన్నబడి ఆగింది.

"ఆరంజిది ముందు, నీలిది తర్వాత, తెల్లది ఆఖరు. మారు పలికేది ఆఖర్న ఉండల్ల. ల్యాకపోతే పోయే మారు గూడ గరుకైపోయి, ఒక మాట మీద ఇంకో మాట ఎక్కి కూచుంటాది."

"జిగురు తీసినాక రంగు ఏసినట్ల" అన్నాను.

గడప మీద నుంచి మా అత్త అందుకుంది. "దానికింత పాఠం ఎందుకురా. పప్పు ఉడికినాక తిరగవాత. ముందే ఏస్తే ఏముంటాది, నీ బొంద."

మీ తాత చాలాసేపు నవ్వాడు. ఆ రోజు నుంచి మా ఇంట్లో తెల్లపెట్టెను తిరగవాత అనేవాళ్లం. మీటల పెట్టె మాత్రం గిటారు దగ్గర, అన్నిటికంటే ముందు ఉండేది, మీటలన్నీ నడుమకి సమానంగా. ఇదీ మొదటి వరస. నువ్వు నెట్లో చూసి చెప్పినదీ దాదాపు ఇదే కదా. మీ తాతకి తెలుసు, రూతూ. తెలియక కాదు.

గుడిలో మగవాళ్లు ఒకవైపు, ఆడవాళ్లు ఒకవైపు. ఆడవాళ్లు తల వంచుకుని కూర్చోవాలనే కట్టుబాటు ఉండేది కాబట్టి నాకు గిటారు కనపడేది కాదు, ఆయన కాళ్లే కనపడేవి. చెప్పులు విప్పిన కాళ్లు, పలక మీద. కుడికాలి బొటనవేలు ఆరంజిదాని మీద పడితే పల్లవి అని, మడమ తిప్పి తెల్లదాని మీద పెడితే చరణం అయిపోయిందని నాకు ముందే తెలిసేది. చరణం చివర తెల్లది తొక్కి, తీగ వదిలేసి, తల కొంచెం పక్కకి వాల్చి మారు పూర్తిగా చచ్చేదాకా ఆగేవాడు. పాస్టరయ్య కూడా ఆగేవాడు. గుడి మొత్తం ఆగేది. ఆ మారు గోడల్లోకి ఇంకిపోయాక గానీ ప్రార్థన మొదలయ్యేది కాదు.

ఆర్కెస్ట్రా మానేశాక ఇల్లు గడవడానికి పని కావాలి కదా, పరిగి రోడ్డులో మిషను మగ్గాల షెడ్డులో చేరాడు. ధర్మవరం మగ్గానికీ దీనికీ పోలికే లేదు. రేకుల కప్పు కింద వరసకి వరస మిషన్లు, అన్నీ ఒకేసారి. నేను మొదటిసారి అన్నం గిన్నె పట్టుకుని లోపలికి పోయినప్పుడు గుండె మీద ఎవరో గుద్దుతున్నట్టు అనిపించింది. అక్కడ ఎవరూ మాట్లాడరు. చేతులతో సైగలు, పెదాలు కదపడం, అంతే. కొన్నాళ్లకి అందరూ పెదాలు చూసే మాట పట్టేస్తారు. అది గొప్ప విద్య అనుకునేవాళ్లం. ఇంటికొచ్చినా మీ తాత నా మొహంలోకే చూస్తూ మాట్లాడేవాడు. కొత్త పెళ్లాన్ని కదా, నాకు అది ముద్దుగా ఉండేది.

మీ అమ్మ పుట్టి నడక నేర్చే రోజుల్లో అనుకుంటాను, నీలిపెట్టె చెడిపోయిందన్నాడు. అందులో మెరుపు పోయిందట. నాకు బాగానే వినపడేది. వైర్లు మార్చాడు, తీగలు మార్చాడు. తర్వాత మీటల పెట్టెలో సన్న గొంతు మీటను కొంచెం పైకి జరిపాడు. ఆ ఆదివారం గిటారు కాస్త కీచుమంది, ఎవరూ పట్టించుకోలేదు. ఇంకొన్నాళ్లకి ఇంకొంచెం పైకి. అదీ చాలక మీటల పెట్టెను మొదటి నుంచి తీసి చివర, తెల్లదాని తర్వాత బిగించాడు. ఇది రెండో వరస. నేను పొయ్యి దగ్గర ఉల్లిగడ్డలు కోస్తూ ఆ మేకులు కొట్టే చప్పుడు విన్నాను. ఏదో బాగుచేసుకుంటున్నాడనుకున్నాను.

నీలిపెట్టెను తీసుకుని ఇద్దరం బజార్లో ఖాదర్ షాపుకి పోయాం. ఖాదర్ రేడియోలు, టేపులు బాగుచేసేవాడు, మీ తాతకి స్నేహితుడు. పెట్టె విప్పి, లోపల బ్రష్షుతో తుడిచి, గిటారు తగిలించి మీటి చూశాడు.

"ఏమప్పా సామేలూ, దీనికేం రోగం ల్యా. కొత్త పెండ్లికూతురి మాదిరి ఉండాది."

"సన్న గొంతు రావడంల్యా ఖాదరూ. సరిగా సూడు."

"వస్తాండాదప్పా. నా షాపులో పిల్లి గూడ లేసి పాయ, సూడు."

మీ తాత వంగి, షాపులో స్పీకరుకి చెవి ఆనించి, మళ్లీ మీటమన్నాడు. ఖాదర్ మీటాడు. నాకు పళ్లు జివ్వుమన్నాయి. మీ తాత తల అడ్డంగా ఊపాడు. అప్పుడు ఖాదర్ నా వైపు చూశాడు. మీ తాత స్పీకరు మీదికి వంగి ఉన్నాడు కాబట్టి చూడలేదు. ఖాదర్ మాటేమీ అనకుండా తన చెవి తాకి, చెయ్యి దించేసుకున్నాడు. షెడ్డులో సైగ చేసినట్టే.

ఇంటికొచ్చి నేను చెప్పాను. మొహం ఎదురుగా నిలబడి, నెమ్మదిగా చెప్పాను. "పెట్టె బాగానే ఉండాది. నీ చెవులు సూపించుకుందాం పా."

"నా చెవులకేమే? నీ మాట వినపడ్ల్యా ఇప్పుడు? జవాబు చెప్తాండా గదా?"

"అట్ల తిరుక్కో. ఇప్పుడు చెప్తా, పలుకు."

తిరగలేదు. గిటారు తీసుకుని పంచలోకి పోయాడు. మా అత్త లోపల నుంచి, "వాణ్ని ఊరికే కదిలించొద్దు మే, వాయించుకోనీ" అంది. ఆమెకి కొడుకు గిటారు వాయించేవాడు అని నలుగురు అనుకోవడమే బతుకు మొత్తంలో దక్కిన గొప్ప.

గుడిలో వాళ్లు చెవుడు అనుకోలేదు. అక్కడే ఉంది చిత్రం. పాస్టరయ్య ప్రసంగ పీఠం దగ్గర నుంచి "కొంచెం తగ్గించు సామేలూ" అంటే ఈయన తల వంచుకుని పెట్టెల వైపు చూస్తూ వాయించుకుపోయేవాడు. వెనక నుంచి సంఘ పెద్ద పిలిస్తే తిరిగేవాడు కాదు. గిటారేమో వారం వారం కీచుమంటూ పెరుగుతోంది. ఆర్కెస్ట్రా బుద్ధి మళ్లీ తిరిగొచ్చిందన్నారు. లోకం ఆశ అన్నారు. ఆడవాళ్ల వైపు నా పక్కన కూర్చునే ఆమె, "మీ ఆయనకి మెడ బాగా లేసింది గదమ్మా" అంది, ముసుగు సర్దుకుంటూ. గర్వం అనే మాట బయటికొచ్చాక దానికి మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. ప్రభువు బల్లకి రానివ్వరు. నెల మొదటి ఆదివారం అందరూ వరసగా పోయి రొట్టె తీసుకుంటుంటే, మీ తాత చివరి బెంచీలో కూర్చుని ఉండాలి. గిటారు ముట్టుకోకూడదు.

నేను పాస్టరయ్య ఇంటికి పోయాను. మంచివాడే, చెడ్డవాడనుకోకు. ఆయన భార్య మజ్జిగ ఇచ్చింది.

"గర్వం కాదయ్యా. ఆయనకి వినపడ్డంల్యా."

"నిన్న బజార్లో ఎదురుపడి మాట్లాడినానమ్మా. నవ్వుతా జవాబు చెప్పినాడే. బజార్లో వినపడేది మందిరంలో వినపడదా?"

"మీ పెదాలు సూసి చెప్పినాడయ్యా."

పాస్టరయ్య, "సరే, పిలిచి అడుగుతా. ఆయన నోటితోనే చెప్పనీ" అన్నాడు. న్యాయమే కదా. పిలిచాడు. నేనూ అక్కడే ఉన్నాను. ఎదురెదురుగా కూర్చుని, పెదాలు కనపడేట్టు అడిగాడు, "సామేలూ, నీకు చెవుడా, గర్వమా?" అని.

మీ తాత నా వైపు ఒకసారి చూశాడు. కోపంగా కాదు. మిషన్లో దారం తెగినప్పుడు చూసే చూపు. తర్వాత పాస్టరయ్య వైపు తిరిగి, "గర్వమే అయ్యా" అన్నాడు. "ప్రార్థన చెయ్యండి."

ఇంటికి పోయే దారిలో గానీ నాకు ఆ లెక్క తెలియలేదు. గర్వాన్ని ప్రార్థన చేసి పోగొడతారు, పోయాక గిటారు తిరిగి ఇస్తారు. చెవుడైతే ఎవరిస్తారు? అంత లెక్క కట్టుకుని తనది కాని పాపాన్ని ఒప్పుకున్నాడు. సంఘం ముందు మోకరించాడు. పెద్దలందరూ తల మీద చేతులు పెట్టి, గర్వపు ఆత్మ విడిచిపోవాలని గట్టిగా ప్రార్థించారు. చాలా గట్టిగా. ఆ ప్రార్థనలో ఎంత ఆయన చెవిన పడిందో నాకు తెలియదు.

మళ్లీ బల్లకి రానిచ్చారు. ఆ ఏడు పెనుకొండలో మా సంఘాలన్నీ కలిసి పెట్టే కూటాలు ఉన్నాయి. మారుమనసు పొందినవాడని నలుగురికీ చూపించడానికి మీ తాతనే వాయించమన్నారు. ఇంట్లో పండగలా ఉంది. మా అత్త అప్పటికి మంచాన పడింది, అయినా కొడుకుకి చొక్కా ఇస్త్రీ చేయించమని నా ప్రాణం తీసింది. ముందురోజు సాయంకాలం మీ తాత పలక ముందేసుకుని కూర్చున్నాడు. తెల్లది తొక్కి, తీగ మీటి, తల వాల్చాడు. వెంటనే తల ఎత్తాడు. ఇంకోసారి. మళ్లీ వెంటనే. మారు మొదటి పలుకు తర్వాత ఆయనకి ఏమీ అందడం లేదు, నాకు మాత్రం పోతూ పోతూ వినపడుతూనే ఉంది. అప్పుడు సుత్తీ పటకారూ తీశాడు. ఆరంజిదాన్ని ఊడదీసి తెల్లదాని వెనక బిగించాడు. అంటే సన్నగా పోయే మారును కూడా గరుకు పెట్టె పట్టుకుని లావు చేస్తుంది, చావనివ్వదు. నాకు మొదటి ఏడు పంచలో కూర్చోబెట్టి చెప్పిన పాఠం ఆయనే తిరగేశాడు.

"అట్ల పెడితే బురద అయితాదని నువ్వే గదా చెప్పింటివి" అన్నాను, ఎదురుగా వంగి.

"ఇప్పుడు అయిపోయే మారు గూడ వినపడతాండాది" అన్నాడు. ఆయన మొహంలో ఆ వెలుగు నేను చాలా రోజుల తర్వాత చూశాను. ఇదే ఆఖరి వరస. నువ్వు ఆదివారం చూసి తప్పన్నది.

పెనుకొండలో కొండ కిందే షామియానా వేశారు. మధ్యాహ్నం, ఎండ. పులిహోర, విస్తరాకులు, చెమట, మట్టి మీద నీళ్లు చల్లిన వాసన. మీ అమ్మ నా ఒళ్లో కూర్చుని ఉంది, అప్పటికి బడికి పోతోంది. మైకు సెట్టు అద్దెకి తెచ్చినవాళ్లది, వాళ్లకి మీ తాత ఎవరో తెలియదు. మొదటి పల్లవికే జనం ఉలిక్కిపడ్డారు. రేకు మీద మేకుతో గీసినట్టు, ఒకదాని మీద ఒకటి, ఆగకుండా. పిల్లలు ఏడ్చారు. ముందు వరసలో ముసలాయన చెవులు మూసుకుని లేచి బయటికి పోయాడు. పాస్టరయ్య చేత్తో సైగ చేశాడు, మీ తాత తల వంచుకుని ఉన్నాడు. అప్పుడు మైకు సెట్టు అబ్బాయి వచ్చి, వెనక పెద్ద స్పీకరు పెట్టెకి తగిలించిన గిటారు వైరు పీకేశాడు.

చప్పుడు ఆగిపోయింది. డోలక్కు, జనం పాట మాత్రం మిగిలాయి. అందరూ హమ్మయ్య అనుకున్నారు.

మీ తాత వాయిస్తూనే ఉన్నాడు. రొమ్ముకి ఆనించుకున్న గిటారు ఆ కట్టెలోంచే ఆయనకి అదురుతూ ఉండి ఉంటుంది. నేను ఆయన కాళ్లు చూశాను. బొటనవేలు ఆరంజిదాని మీద పడింది, పల్లవి. లేచింది. పాట ఎక్కడుందో కాళ్లు అక్కడే ఉన్నాయి, ఒక్క తప్పు లేదు. ఆఖరి చరణం అయిపోయింది, డోలక్కు ఆగింది, జనం ఆగారు. మడమ తిప్పి తెల్లదాని మీద తొక్కాడు. తీగ వదిలేసి, తల పక్కకి వాల్చి, ఆగాడు. షామియానా గాలికి కొట్టుకుంటోంది. అంతమంది ఆయన్నే చూస్తున్నారు. చాలాసేపు అట్లా ఉండి, మారు పూర్తిగా పోయిందనుకున్నాక, తల ఎత్తి నవ్వాడు.

నేను లేవబోయేలోగా మీ అమ్మ ఒళ్లోంచి దూకి పరిగెత్తింది. ఆయన చొక్కా పట్టుకుని లాగి, "నాయనా, నీ వైరు పీకేసినారు" అంది. మొహం పైకెత్తి చెప్పింది కాబట్టి పెదాలు కనపడ్డాయి. ఆయన వెనక్కి తిరిగి చూశాడు. వైరు మట్టిలో పడి ఉంది. దాన్ని తీసుకుని, మోచేతికి చుట్టుకుంటూ చుట్టుకుంటూ దగ్గరికి లాక్కున్నాడు. ధర్మవరంలో నూలు చుట్టినట్టు, చిక్కు పడకుండా.

హిందూపురం బస్సులో పలక ఆయన ఒళ్లోనే ఉంది. ఇంటికొచ్చాక మా అత్త మంచంలోంచి, "ఎట్ల వాయించినావురా?" అని అడిగింది. ఆయన గోడ వైపు తిరిగి ఉన్నాడు. నేనే చెప్పాను, బాగా వాయించినాడత్తా, ఒక్క తప్పు పోలేదు అని. అందులో అబద్ధమేముంది.

వారం పోయాక పాస్టరయ్య వచ్చి, చెవి దగ్గర నోరు పెట్టి క్షమించమని అరిచాడు. మీ తాత నవ్వుతూ తల ఊపాడు. చెవి దగ్గరుంటే పెదాలు కనపడవు కదా, విన్నాడో లేదో. అనంతపురంలో డాక్టరు మిషన్ల మోతే అన్నాడు, పోయింది ఇంక రాదు అన్నాడు. చెవిలో పెట్టుకునే మిషను ఇచ్చారు, దాంతో మనుషుల మాట కంటే గిన్నెల చప్పుడే ఎక్కువ వినపడుతోందని తీసేశాడు. షెడ్డు పని మానలేదు. అక్కడ అందరూ సైగలే కదా, ఆయనకి ఏ లోటూ లేని చోటు అదొక్కటే. అత్త పోయాక నేనూ అదే షెడ్డులో కండెలు చుట్టడానికి చేరాను. డాక్టరు మాట గుర్తుండి కొన్నాళ్లు చెవుల్లో దూది పెట్టుకున్నాను. మేస్త్రీ పిలిస్తే పలకడం లేదని తిట్టాడు, తీసేశాను. మీ అమ్మ పెళ్లయిన ఏడే మీ తాత పోయాడు. గుండె. నేను ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు ఆ షెడ్డులోనే ఉన్నాను.

ఇప్పుడు నీ ఫోనులోనే ఈ పెట్టెలన్నీ ఉన్నాయంటున్నావు, వేలితో జరిపితే వరస మారిపోతుందట. నచ్చకపోతే మళ్లీ మార్చుకోవచ్చు. మీ తాతకి ఒక్కో మార్పుకీ మేకులు పీకాలి, పలకకి కొత్త చిల్లు పడాలి. తిరగేసి చూడు, ఆ చిల్లులన్నీ ఉన్నాయి. ఎక్కడెక్కడ ఏ పెట్టె ఉండేదో, ఆయన చెవి ఎప్పుడెప్పుడు ఎంత పోయిందో ఆ టేకు పలక మీద ఉంది.

ఆదివారం నువ్వు తుప్పు గీకి, కొత్త బ్యాటరీలు, కొత్త వైరు పెట్టి, ఆఖరి వరస అట్లాగే ఉంచి నీ గిటారు వాయించావు. వంటింట్లోంచి మీ అమ్మ, "ఆపు మే, చెవులు పగిలిపోతాండాయి" అని పరిగెత్తుకొచ్చింది. పక్కింటివాళ్లు కిటికీ వేసేశారు. నువ్వు కూడా ఒక చెవి భుజానికి ఆనించుకుని మూసుకున్నావు. నేను గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాను. పెళ్లయిన కొత్తలో పంచలో విన్నట్టే ఉంది నాకు. మెత్తగా, దూరంగా, తీగ మీద మెరుపు, దాని వెనక మారు. అది పోతూ పోతూ చివరిదాకా వినపడింది. ఎన్నాళ్లకి విన్నానో అనుకుని కళ్లు మూసుకున్నాను. మీ తాత ఏం బాగా పెట్టాడు అనుకున్నాను.

అప్పుడు నువ్వు నా ఎదురుగా కూర్చుని, మొహంలో మొహం పెట్టి, "అవ్వా, నీకు చెవులు నొప్పి పుట్టల్యా?" అని అడిగావు.

డాక్టరు దగ్గరికి పోదామని మీ అమ్మ అంటోంది. పోదాం లే. నువ్వు ఆ పెట్టెలు సరైన వరసలోకి మార్చుకో, నీ చెవులకి ఏది బాగుంటే అదే సరైనది. ఆరంజిది ముందు, నీలిది తర్వాత, తిరగవాత చివర. గుడిలో వాయించే రోజు మాత్రం చెప్పులు విప్పి వాయించు. నేను ఆడవాళ్ల వైపు ముందు వరసలో కూర్చుంటాను, నీ కాళ్లు కనపడేట్టు.